కౌంటీ రోడ్ల మీద చావులు ఒకచోట లేవు, అంతటా చెదిరి ఉన్నాయి: పని ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న: లెక్కపుస్తకం

అమెరికాలో ఒక గ్రామీణ కౌంటీ రోడ్ల విభాగం కోసం భద్రతా ప్రణాళిక రాస్తున్నాను. రెండు లేన్ల తారు రోడ్లే ఎక్కువ, మిగతావి కంకర రోడ్లు. ఐదేళ్ల ప్రమాదాలు మ్యాప్ మీద పెట్టి చూస్తే బ్లాక్ స్పాట్ అనదగ్గది ఒక్కటీ లేదు. ప్రాణాలు పోయిన చోట్లు, కాళ్లూ చేతులూ పోయిన చోట్లు కౌంటీ అంతా చెదిరి ఉన్నాయి. ఒకే చోట రెండోసారి జరిగినవి దాదాపు లేవు.

కమిషనర్ల బోర్డు మాత్రం చివరి చావు ఎక్కడ జరిగితే అక్కడ ఏదో ఒకటి చేయమంటోంది. సిగ్నల్ పెట్టండి, గార్డ్‌రెయిల్ (రోడ్డు పక్కన ఇనుప కంచె) వేయండి, స్పీడ్ లిమిట్ పది మైళ్లు తగ్గించండి అని. ఉన్న కొద్ది డబ్బూ అలాగే ఖర్చయిపోతోంది. కుప్పలు లేనప్పుడు ఏ చోట్లు ముందు ఎంచుకోవాలి? మలుపులకు, రోడ్డు అంచులకు, స్టాప్ కూడళ్లకు తక్కువ ఖర్చుతో నిజంగా పనిచేసేవి ఏమిటి? కొలతలతో సహా చెప్పగలిగితే మేలు.

జవాబు: సర్వేరాయి

మ్యాప్ మీద కుప్పలు కనిపించకపోవడం మీ డేటా తప్పు కాదండీ, కౌంటీ రోడ్ల తీరే అంత. రోజుకు నాలుగైదు వందల బండ్లు తిరిగే రోడ్డులో, ఒకే మలుపు దగ్గర ఐదేళ్లలో రెండు ఘోర ప్రమాదాలు జరగడం అరుదు. ఎక్కడ జరిగింది అని వెతికితే ఏమీ తేలదు. ఎలాంటి చోట జరిగింది అని వెతకండి.

ముందు డేటాలో మరణాలు, తీవ్ర గాయాలు మాత్రమే ఉంచండి. పోలీసు రిపోర్టు భాషలో కే, ఏ అనే రెండు తరగతులు. బంపర్లు సొట్టపోయినవి, జింకలు గుద్దినవి కలిపితే అసలు బొమ్మ చెరిగిపోతుంది. మిగిలినవాటిని మెట్టు మెట్టుగా విడదీయండి: రాష్ట్ర రోడ్డా కౌంటీ రోడ్డా, మలుపా తిన్నని రోడ్డా కూడలా, ఒంటరి బండి రోడ్డు దిగిందా లేక రెండు బండ్లు అడ్డంగా తగిలాయా, పగలా రాత్రా. గ్రామీణ కౌంటీల్లో మామూలుగా రెండు గుంపులు పైకి తేలతాయి. మలుపుల్లో రోడ్డు దిగిపోయినవి ఒకటి, స్టాప్ బోర్డు ఉన్న కూడలిలో అడ్డంగా గుద్దుకున్నవి ఇంకొకటి.

ఈ కే, ఏ రిపోర్టులు ఎన్నో ఉండవు. ఒక్కొక్కటీ తెరిచి అధికారి గీసిన బొమ్మ, రాసిన వివరణ చదవండి. కూడలికి తూర్పున అర మైలు అని రాసిన ప్రమాదాన్ని కంప్యూటర్ చాలాసార్లు కూడలి మీదే పెడుతుంది. మలుపు ప్రమాదం కూడలి లెక్కలో పడితే మందు తప్పుతుంది.

తర్వాత జీఐఎస్‌లో (కంప్యూటర్ మ్యాప్) ఉన్న రోడ్డు మధ్యగీత నుంచి మలుపులన్నింటి వ్యాసార్ధం తీసి, ప్రతి మలుపుకూ నక్షత్రాలు ఇవ్వండి. మిన్నెసోటా కౌంటీల ప్రణాళికల్లో వాడిన పద్ధతి ఇది. వ్యాసార్ధం సుమారు 500 నుంచి 1200 అడుగుల మధ్య ఉంటే ఒకటి, ట్రాఫిక్ మీ ప్రమాదాలు ఎక్కువగా జరిగిన శ్రేణిలో ఉంటే ఒకటి, మలుపులోనే పక్కరోడ్డు కలిస్తే ఒకటి, అంతకుముందు ఘోర ప్రమాదం జరిగి ఉంటే ఒకటి, చూపు మోసపోయే చోటైతే ఒకటి. చూపు మోసపోవడం అంటే రోడ్డు వంపు తిరుగుతున్నా కరెంటు స్తంభాల వరసో, చెట్ల వరసో, పక్కకు పోయే కంకర దారో తిన్నగా సాగిపోయి, రోడ్డే అటు పోతోందని డ్రైవరుకు తోచడం. ఇది జీఐఎస్‌లో దొరకదు. ఏరియల్ ఫోటో, బండి నుంచి తీసిన వీడియో చూసి మనిషే గుర్తు పెట్టాలి. మరీ ఇరుకు మలుపుల జాబితా వేరు. అలాంటి మలుపు కనిపించగానే అందరూ బ్రేక్ వేస్తారు. కాస్త వేగంతోనే పోవచ్చు అనిపించే మధ్యరకం మలుపే ప్రాణాలు తీస్తుంది.

నాలుగు, ఐదు నక్షత్రాల మలుపులన్నింటికీ ఒకేసారి ఒకే రకం పని చేయండి, అక్కడ ఇంతవరకు ఎవరూ చనిపోకపోయినా సరే. ఇలా మలుపులను ఎంచి పనిచేసిన వాషింగ్టన్ రాష్ట్రంలోని థర్స్టన్ కౌంటీలో మలుపుల ఘోర ప్రమాదాలు 35 శాతం తగ్గాయని, మిన్నెసోటా కౌంటీ రోడ్ల మీద మరణాలు 25 శాతం తగ్గాయని ఫెడరల్ హైవే అడ్మినిస్ట్రేషన్ చెబుతుంది.

బోర్డుకు ఒక్క మాట గట్టిగా చెప్పండి. చివరి చావు జరిగిన చోట ఏమీ చేయకుండా వదిలేసినా, వచ్చే ఏడు అక్కడ ప్రమాదం జరగకపోవడానికే అవకాశం ఎక్కువ. అందుకే అక్కడ ఏది పెట్టినా పనిచేసినట్టే కనిపిస్తుంది. ఆ భ్రమలోనే ఏళ్ల తరబడి డబ్బు పోతుంది.

జవాబు: వంపుదారి

సర్వేరాయి గారు చెప్పిన జాబితా చేతికొచ్చాక, మలుపుల పని ఇలా చేయండి.

మలుపు దగ్గర పాత పసుపు పలకల మీద ఉన్న వేగాలను నమ్మకండి. ఒకేలాంటి రెండు మలుపుల్లో ఒకదానికి 45, ఇంకోదానికి 30 రాసి ఉంటే, డ్రైవరు రెండింటినీ పట్టించుకోడు. మలుపులో బండి పక్కకు ఎంత లాగుతుందో డిగ్రీల్లో చూపే బాల్‌బ్యాంక్ పరికరంతో అన్నీ మళ్లీ కొలవండి. బండిని సమతలమైన చోట ఆపి, నడిపేటప్పుడు ఉండే మనుషులంతా కూర్చున్నాక సున్నా సరిచూసుకోవాలి. లేన్ మధ్యలో, ఒకే వేగంతో, మలుపు కోసుకుపోకుండా నడపాలి. ఐదేసి మైళ్లు పెంచుకుంటూ రెండు దిక్కుల్లోనూ, ప్రతి వేగానికీ కనీసం రెండుసార్లు చేయాలి. గంటకు 20 మైళ్లు, ఆ లోపు అయితే 16 డిగ్రీలు, 25, 30 అయితే 14, 35 నుంచి పైకి 12 డిగ్రీలు హద్దు. రెండు దిక్కులకు రెండు వేగాలు వస్తే రెండూ వేరువేరుగానే రాయండి, సగటు తీయకండి. ఎక్కువగా జరిగే తప్పు ఏమిటంటే, మలుపు మధ్యలో డ్రైవరు స్టీరింగ్ సరిచేసినప్పుడు ఒక్క క్షణం ముల్లు ఎగిరిన అంకెను రాసుకోవడం. నిలకడగా నిలిచిన అంకెనే తీసుకోవాలి.

రోడ్డు వేగానికీ మలుపు వేగానికీ తేడా 10 మైళ్లు ఉంటే షెవ్రాన్లు (మలుపు ఎటు తిరుగుతుందో చూపే బాణపు మొన పలకలు) వేయడం మంచిది. 15 గానీ అంతకు మించి గానీ ఉంటే వేసి తీరాలన్న నియమంతో పని చేయండి, ట్రాఫిక్ తక్కువైనా సరే. షెవ్రాన్ల మధ్య దూరం మలుపు వేగాన్ని బట్టి ఉంటుంది: 15 మైళ్లు, ఆ లోపు అయితే 40 అడుగులు, 20 నుంచి 30 అయితే 80, 35 నుంచి 45 అయితే 120, 50 నుంచి 60 అయితే 160. ఉదాహరణకు 600 అడుగుల మలుపు, వేగం 40 అయితే 120 అడుగులకు ఒకటి చొప్పున ఆరు స్తంభాలు, రెండు వైపుల నుంచీ కనబడాలి కాబట్టి వీపు వీపు కలిపి పన్నెండు పలకలు. డ్రైవరుకు ఎప్పుడూ కనీసం రెండు కనిపించాలి. పలక కింది అంచు రోడ్డు మట్టం నుంచి కనీసం 4 అడుగుల ఎత్తులో ఉండాలి. గట్టు దిగువన పాతేటప్పుడు ఈ ఎత్తును నేల నుంచి కొలిచి తప్పు చేస్తుంటారు. పలకలు బిగించిన రోజు రాత్రే బండి వేసుకుని వెళ్లి, హెడ్‌లైట్ల వెలుగులో ఒక్కో పలక మీ వైపు తిరిగి ఉందో లేదో చూసుకోండి. పగలు బాగా ఉన్నట్టే కనిపించి, రాత్రి సగం పలకలు చీకట్లో కలిసిపోతాయి.

స్తంభం సంగతి చాలామంది మరిచిపోతారు. మలుపు బయటివైపు పాతుతున్నాం, అంటే బండి రోడ్డు దిగితే వచ్చి తగిలేది దానికే. 4×4 అంగుళాల కర్ర స్తంభం అలాగే విరుగుతుంది. 4×6 అయితే నేల నుంచి 4 అంగుళాల దగ్గర, 18 అంగుళాల దగ్గర ఒకటిన్నర అంగుళం బెజ్జాలు వేయాలి. ఇనుప గొట్టం అయితే నేలలోని అడుగు ముక్క 4 అంగుళాలకు మించి పైకి పొడుచుకు రాకూడదు, లేకపోతే అది బండి అడుగును చీరేస్తుంది. గాలికి ఊగుతోందని చుట్టూ కాంక్రీటు పోసి బిగించడం అన్నిటికంటే చెడ్డ అలవాటు.

బోర్డుల పరీక్ష రాత్రే చేయాలి. హెడ్‌లైట్ వెలుగును తిప్పికొట్టే కొలతలో, స్టాప్ బోర్డు తెలుపు కనీసం 35, ఎరుపు కనీసం 7 ఉండాలి. తెలుపు ఎరుపుకు మూడింతలైనా ఉండాలి. ఎండకు ఎరుపు వెలిసిపోయిన బోర్డు పగలు కంటికి పర్వాలేదనిపించినా ఈ నిష్పత్తి దగ్గర తప్పుతుంది. కొలిచే యంత్రం లేకపోతే 60 ఏళ్లు దాటిన ఇన్‌స్పెక్టరును పికప్‌లోనో ఎస్‌యూవీలోనో కూర్చోబెట్టి రాత్రి తిప్పే పద్ధతి ఒకటి ఉంది. వయసు పైబడిన కళ్లకు ఆనితే మిగతావాళ్లకు ఆనినట్టే. అది అధికారికంగా ఒప్పుకున్న పద్ధతే.

లెక్కపుస్తకం

చాలా స్పష్టంగా ఉందండీ. ఇంకో చిక్కు. మా రోడ్లు చాలావరకు 20 అడుగుల వెడల్పు, షోల్డర్ (లేన్ పక్కన ఉండే అదనపు పట్టీ) లేదు, కొన్ని కంకర మీద చిప్ సీల్ (పలుచని తారు, దానిపై చిన్న రాళ్లు) మాత్రమే. రంబుల్ స్ట్రిప్ (చక్రం ఎక్కితే గడగడలాడి డ్రైవరును హెచ్చరించే కోతల వరస) కొట్టించమని సలహా ఇస్తున్నారు. వీటి మీద నిలుస్తుందా?

జవాబు: తెల్లగీత

కంకర మీద పలుచగా చిప్ సీల్ ఉన్న రోడ్డును మిల్లింగ్ చేయకండి, అంటే యంత్రంతో కోయకండి. కోతలోంచి నీరు దిగి అంచు ఊడిపోతుంది. రంబుల్ స్ట్రిప్ నిలవాలంటే అడుగున గట్టి తారు పొర ఉండాలి. గట్టి పొర ఉన్న రోడ్ల మీద, చోటు చాలనప్పుడు, అంచు గీత ఉన్నచోటే కోసి దాని మీదనే గీత వేయండి. కోతల నిలువు ముఖం మీద పడ్డ రంగు వాన రాత్రుల్లో కూడా కనిపిస్తుంది, మామూలు గీత నీళ్లలో మునిగి మాయమయ్యే వేళల్లో. సైకిళ్లు తిరిగే రోడ్డైతే లోతు అర అంగుళం బదులు అంగుళంలో మూడు ఎనిమిదో వంతు చేసి, 40 నుంచి 60 అడుగుల ప్రతి వరసలో పది పన్నెండు అడుగులు ఖాళీ వదలండి. ఇళ్ల దగ్గర శబ్దం గురించి ఫిర్యాదులు తప్పవు. ఇళ్లకు, కూడళ్లకు ముందే ఆపేయాలని డ్రాయింగులోనే రాస్తే తర్వాత పూడ్చే పని ఉండదు.

మీ రోడ్లకు రంబుల్ స్ట్రిప్ కంటే ముందు చేయాల్సింది అంచు పని. షోల్డర్ లేని రోడ్డు అంచున కంకర కొట్టుకుపోయి రెండు, మూడు అంగుళాల నిలువు మెట్టు ఏర్పడుతుంది. కుడి చక్రం కిందికి జారాక డ్రైవరు మెల్లగా పైకి తెద్దామని స్టీరింగ్ తిప్పుతాడు. టైరు పక్క గోడ మెట్టుకు రాసుకుంటూ ఎక్కదు. ఇంకా తిప్పుతాడు. ఒక్కసారిగా ఎక్కేసరికి స్టీరింగ్ అప్పటికే ఎక్కువ తిరిగి ఉంటుంది, బండి ఎదుటి లేన్‌లోకి దూసుకుపోతుంది. రిపోర్టులో ఎదురెదురుగా గుద్దుకున్నట్టు కనిపించే కొన్ని ప్రమాదాల మొదలు ఈ అంచు మెట్టు దగ్గరే ఉంటుంది.

దీనికి మందు సేఫ్టీ ఎడ్జ్. పేవర్‌కు (తారు పరిచే యంత్రం) షూ అనే ఒక ముక్క తగిలిస్తే తారు అంచు 30 డిగ్రీల వాలుగా నొక్కుకుని వస్తుంది. తారు ఖర్చులో ఒక శాతం కూడా పెరగదు. రోడ్డు దిగిపోయే ప్రమాదాలు 21 శాతం, ఎదురెదురుగా గుద్దుకునేవి 19 శాతం తగ్గుతాయని ఫెడరల్ లెక్క. ఇకమీదట వేసే ప్రతి ఓవర్‌లే (పాత రోడ్డు మీద కొత్త తారు పొర) టెండర్‌లో ఈ షరతు పెట్టేయండి. ఒక్క జాగ్రత్త: అంచు వాలుగా ఉందిగా అని కంకర నింపడం మానేస్తారు. వేసిన వెంటనే కంకరను తారు మట్టానికి తేవాలి. ఆ కంకర మళ్లీ కొట్టుకుపోయిన రోజున కాపాడటానికే ఆ వాలు. గడ్డి, మట్టి పేరుకున్న అంచు మీద షూ సరిగా నొక్కదు కాబట్టి, పేవర్ వచ్చేముందే అంచులు గ్రేడర్‌తో గీకించాలి.

తర్వాత అంచు గీత. 4 అంగుళాల గీతను 6 అంగుళాలు చేస్తే, గ్రామీణ రెండు లేన్ల రోడ్ల మీద కూడళ్లు కాని చోట్ల మరణ, గాయ ప్రమాదాలు 37 శాతం వరకు తగ్గుతాయని తేలింది. రంగు లెక్క చూడండి. తడి పొర 15 మిల్స్ (మిల్ అంటే అంగుళంలో వెయ్యో వంతు) అంటే 6 అంగుళాల గీత ఒక మైలుకు సుమారు 25 గ్యాలన్లు, రెండు అంచులకు 50. గాజు పూసలు గ్యాలనుకు 6 పౌండ్లు, అంటే రెండు అంచులకు మైలుకు 300 పౌండ్లు. సాయంత్రానికి వాడిన రంగును, పూసలను వేసిన మైళ్లతో భాగించండి. పొర పలుచగా వేసి పొదుపు చేశారో లేదో వెంటనే తెలిసిపోతుంది. పూసలు సగానికి కొంచెం పైగా రంగులో మునగాలి. పూర్తిగా మునిగితే వెలుగు తిప్పికొట్టవు, పైపైన నిలిస్తే మొదటి చలికాలంలో మంచు పార వాటిని గీకేస్తుంది. వేగం 35 మైళ్లు, ఆపైన ఉన్న రోడ్ల గీతలు రాత్రి తిప్పికొట్టాల్సిన కనీస వెలుగు మీద నిబంధన ఎంయూటీసీడీలో (రోడ్డు బోర్డులు, గీతల జాతీయ నియమావళి) వచ్చింది, అంకె 50. అమలుకు గడువు 2026 సెప్టెంబరు 6. ఏ రోడ్లకు, ఎంత ట్రాఫిక్ ఉన్నవాటికి వర్తిస్తుందో చదివి మీ జాబితా ఇప్పుడే విడదీసుకోండి.

కంకర రోడ్లకు తారు వేయించమని ఎవరైనా అడిగితే మలుపులు చూడకుండా ఒప్పుకోకండి. కంకర మీద 35లో పోయే బండి తారు పడ్డ మర్నాడు 50లో పోతుంది, మలుపు మాత్రం మారదు.

జవాబు: నాలుగుదారులు

కూడళ్ల గురించి ఇంకా ఎవరూ చెప్పలేదు.

ముందు చూపు త్రికోణం, అంటే కూడలిలో ఆగిన డ్రైవరుకు అడ్డు లేకుండా కనపడాల్సిన మేర. చిన్నరోడ్డు డ్రైవరు కన్ను ప్రధాన రోడ్డు అంచు నుంచి 14.5 అడుగులు వెనక, నేల నుంచి 3.5 అడుగుల ఎత్తులో ఉందని లెక్క. ఆగి ఎడమకు తిరగాలంటే కారుకు 7.5 సెకన్ల సందు కావాలి. గంటకు 55 మైళ్ల రోడ్డు మీద 1.47ను 55తో, 7.5తో గుణిస్తే సుమారు 610 అడుగులు. అంత దూరం కనపడాలి. 3.5 అడుగుల ఎత్తున గుర్తు పెట్టిన కర్రతో ఒకరు దూరంగా నిలబడితే, ఒక్క మధ్యాహ్నంలో పది కూడళ్లు తేలిపోతాయి. కొలత ఆగస్టులో చేయండి. ఏప్రిల్‌లో బాగా కనిపించే కూడలి మొక్కజొన్న ఎదిగాక మూసుకుపోతుంది. కౌంటీ హక్కు ఉన్న భూమిలో మీరు కోయించవచ్చు. పొలం లోపలికి పోయే మూల కోసం రైతుతో రాతపూర్వక ఒప్పందం కావాలి.

తర్వాత ఒకే సామగ్రి మూట అన్ని స్టాప్ కూడళ్లకూ: పెద్ద స్టాప్ బోర్డు కుడివైపుతోపాటు ఎడమవైపూ, ముందు హెచ్చరిక బోర్డు రెండు వైపులా, స్తంభాలకు ఎర్రని వెలుగు పట్టీలు, తారు మీద స్టాప్ గీత, ప్రధాన రోడ్డు మీద కూడలి హెచ్చరిక. ఈ మూటతో మొత్తమ్మీద మరణ, గాయ ప్రమాదాలు 10 శాతం, గ్రామీణ కూడళ్లలో 27 శాతం తగ్గాయి. ఖర్చుకు పన్నెండింతల లాభం అని లెక్క కట్టారు. కంకర రోడ్డు వచ్చి తారు రోడ్డులో కలిసే చోట బ్రేకులు పడీ పడీ గతుకుల వరసలు ఏర్పడతాయి. బండి ఆగకుండా జారి ముందుకు వచ్చేస్తుంది. స్టాప్ బోర్డుకు ముందున్న ముక్కకు తారు వేయడం చిన్న పని.

సిగ్నల్ మాటకొస్తే, మీలాంటి కూడళ్లు సిగ్నల్‌కు కావలసిన ట్రాఫిక్ ప్రమాణాలు అందుకోవు. అందుకోకుండా పెడితే దాన్ని దాటేసేవాళ్లు, వెనక నుంచి గుద్దేవాళ్లు పెరుగుతారు. నిజంగా పెద్ద మార్పు కావలసిన ఒకటి రెండు కూడళ్లు ఉంటే రౌండబౌట్ ఆలోచించండి. రెండువైపుల స్టాప్ ఉన్న చోట రౌండబౌట్ కడితే మరణ, గాయ ప్రమాదాలు 82 శాతం తగ్గుతాయి, ఎందుకంటే అడ్డంగా గుద్దుకునే కోణమే మిగలదు.

స్పీడ్ లిమిట్ విషయంలో మాత్రం బోర్డు వాదన పూర్తిగా కొట్టేయకండి. సగటు వేగం ఒక శాతం తగ్గితే ప్రాణాంతక ప్రమాదాలు సుమారు నాలుగు శాతం తగ్గుతాయి. చిక్కల్లా పలక మార్చినంత మాత్రాన సగటు వేగం పెద్దగా మారకపోవడం. పల్లె మొదలయ్యే చోట రోడ్డు ఇరుకుగా కనిపించేలా గీతలు, ద్వీపాలు వేసి, అక్కడ పలక మార్చండి. ఖాళీ పొలాల మధ్య పది మైళ్ల రోడ్డు మొత్తానికి మార్చకండి.

జవాబు: వంపుదారి

గార్డ్‌రెయిల్ గురించి ఒక్క చేర్పు. రెండు కొసల టెర్మినళ్లే చెరి సుమారు 50 అడుగులు తీసుకుంటాయి. చెట్టు ముందు 50 అడుగుల ముక్క వేయించమంటే, దాని అర్థం చెట్టు బదులు ఇనుమును గుద్దమని. చెట్టు కొట్టేయడం, కల్వర్టు తల గోడను వెనక్కి పొడిగించడం, ఇటుకలతో కట్టిన మెయిల్‌బాక్సులను విరిగే స్తంభానికి మార్పించడం ముందు చూడండి. రోడ్డు పక్క వాలును ఒకటికి మూడు (ఒక అడుగు దిగడానికి మూడు అడుగులు పక్కకు) నుంచి ఒకటికి నాలుగుకు మట్టంచేస్తే ఒంటరి బండి ప్రమాదాలు 8 శాతం, నాలుగు నుంచి ఆరుకు తెస్తే 12 శాతం తగ్గుతాయి. కాలువ ఎలాగూ తవ్వించేటప్పుడు ఆ మట్టితోనే ఈ పని అయిపోతుంది.

జవాబు: సర్వేరాయి

డబ్బు సంగతి చెప్పి ఊరుకుంటాను. ఫెడరల్ భద్రతా నిధి, హెచ్‌ఎస్‌ఐపీ, మామూలుగా 90 శాతం ఇస్తుంది. బోర్డులు, గీతలు, రంబుల్ స్ట్రిప్, రౌండబౌట్ లాంటి కొన్ని పనులకు నూరు శాతం ఇవ్వడానికి చట్టం వీలు కల్పిస్తుంది. మీ రాష్ట్రం ఆ వెసులుబాటు వాడుతుందో లేదో రాష్ట్ర రవాణా శాఖను అడగండి. ఒక్కో మలుపుకు ఒక్కో దరఖాస్తు పెడితే పర్యావరణ పత్రాల ఖర్చు పలకల ఖర్చును మించుతుంది. నక్షత్రాల జాబితా మొత్తాన్ని ఒకే ప్రాజెక్టుగా పెట్టండి, పక్క కౌంటీ కలిస్తే టెండర్ ధర ఇంకా దిగుతుంది. టెండర్‌లో ప్రతి పలకకూ అక్షాంశ రేఖాంశాలు, స్తంభం రకం, వీపు మీద బిగించిన తేదీ స్టిక్కరు అడగండి. పని ముగిసేసరికి బోర్డుల రిజిస్టరు కూడా చేతికి వచ్చేస్తుంది. పని అయ్యాక కనీసం మూడేళ్లు ఆగి, పని చేసిన మలుపులన్నింటినీ ఒక్క గుంపుగా, చేయని మలుపుల గుంపుతో పోల్చండి. ఒక్కో మలుపును విడిగా చూస్తే సున్నాలు తప్ప ఏమీ కనిపించవు.